నగరం ఎక్కడ ఆగిందో చెప్పే గీత

లండన్‌లో లెడెన్‌హాల్ వీధి 122వ నంబరు భవనానికి ఒక పక్క గోడ నిటారుగా ఉండదు. కింద వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ వెనక్కి వాలిపోతుంది. 2014లో పూర్తయిన ఈ 225 మీటర్ల టవర్‌ని అక్కడివాళ్లు జున్ను తురిమే పీటతో పోల్చి 'చీజ్ గ్రేటర్' అంటారు. చూడగానే ఆర్కిటెక్టు ముచ్చటపడి అలా గీశాడనిపిస్తుంది. కానీ పడమటి వైపున్న ఫ్లీట్ స్ట్రీట్‌లో నిలబడితే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడినుంచి సెయింట్ పాల్స్ కేథడ్రల్ గోపురం కనిపిస్తుంది. ఈ టవర్ నిలువుగా లేస్తే ఆ గోపురానికి ఆకాశం మిగలదు. అందుకని పక్కకి ఒరిగింది. పై అంతస్తులకే అద్దె ఎక్కువ వస్తుంది, ఆ పై అంతస్తులనే కోసుకున్నారు.

నగరాల స్కైలైన్‌లని, అంటే ఆకాశం మీద భవనాల తలలు గీసే గీతల్ని, పోల్చమంటే సాధారణంగా ఎత్తుల పట్టిక వేస్తాం. ఏది పెద్దది, ఎక్కడ ఎన్ని టవర్లు, ఎవరు ఎవర్ని దాటారు. ఆ పట్టికలో నగరం గురించి తెలిసేది తక్కువ. డబ్బు, ఉక్కు, లిఫ్టు ఉంటే ఎక్కడైనా ఎత్తుగా కట్టొచ్చు, ఆ మూడూ ప్రపంచమంతటా ఒకటే. నగరానికీ నగరానికీ తేడా వచ్చేది కట్టలేకపోయిన చోట, కట్టనివ్వని చోట. గీత ఉన్నట్టుండి దిగిపోయిన చోటికి వెళ్లి వెతికితే ఏదో ఒక అడ్డు దొరుకుతుంది: మెత్తటి నేల, గాలి, కొండ, విమానం, చట్టం, పక్కింటివాడి హక్కు. ఒక ప్రాంతం తన నగరం మీద వేసే ముద్ర ప్రధానంగా ఈ అడ్డుల్లోనే ఉంటుందని నా వాదన.

లండన్ సంగతే ఇంకాస్త చూద్దాం. నగరం నైరుతిన రిచ్‌మండ్ పార్కులో కింగ్ హెన్రీస్ మౌండ్ అని ఒక మట్టిదిబ్బ ఉంది. అక్కడి పొదల కంచెలో ఒక కంత. ఆ కంతలో కన్ను పెడితే, చెట్ల మధ్య వదిలిన సన్నటి సందు చివర, సుమారు 16 కిలోమీటర్ల అవతల సెయింట్ పాల్స్ గోపురం బొటనవేలి గోరంత కనిపిస్తుంది. ఆ చూపు దారికి చట్టరక్షణ ఉంది. దారి మీద, గోపురానికి అటూ ఇటూ, వెనక కొంత దూరం దాకా, ఎత్తు కట్టడాలకు నియమాలున్నాయి. 2016లో ఆ గోపురం వెనక ఒక కొత్త టవర్ ప్రత్యక్షమైంది. కట్టింది ఎంతో దూరంలో, తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో. రక్షించాల్సిన దూరం అంతదాకా గీయలేదు కాబట్టి అనుమతి ఇచ్చేటప్పుడు ఎవరికీ తట్టలేదు. కేథడ్రల్ చుట్టూ ఎత్తుల నియమం 1930ల చివర్నుంచే అమల్లో ఉంది. దానికి తోడు ఇలాంటి చూపు దారులు నగరం మీద విసనకర్ర పుల్లల్లా పరుచుకున్నాయి. 'సిటీ' అని పిలిచే లండన్ పాత వ్యాపార కేంద్రంలో టవర్లన్నీ తూర్పున ఒకేచోట గుంపుగా ఒరుసుకుని నిలబడటానికి కారణం ఇదే. ఆ పుల్లల మధ్య మిగిలిన ఖాళీ అంతే. ఇవి చాలవన్నట్టు 20 ఏళ్లపాటు ఒక కిటికీకి అడ్డులేకుండా వెలుతురు వచ్చి ఉంటే దాని మీద హక్కు ఏర్పడుతుందని 1832 నాటి చట్టం చెబుతోంది. అదీ ఇప్పటికీ చెల్లుతోంది.

ఇక నేల. ఇక్కడ ముందు ఒక పాత నమ్మకాన్ని పక్కన పెట్టాలి. న్యూయార్క్‌లోని మన్‌హటన్ స్కైలైన్ రెండు గుట్టల్లా ఉంటుంది. దక్షిణపు కొసన డౌన్‌టౌన్ ఒక గుట్ట, పైన మిడ్‌టౌన్ ఇంకొక గుట్ట, నడుమ పల్లం. ఆ రెండు చోట్లా గట్టి రాయి భూమికి దగ్గరగా ఉందనీ, మధ్యలో లోతుకు దిగిపోయిందనీ, అందుకే అక్కడ ఎత్తు భవనాలు లేవలేదనీ చాలాకాలం పాఠంలా చెప్పారు. వినడానికి చక్కగా ఉంటుంది. ఆర్థికవేత్తలు పాత పునాదుల లెక్కలు తీసి చూస్తే అది నిలవలేదు. 1890ల్లో సిటీ హాల్ పరిసరాల్లో లేచిన నాటి పెద్ద భవనాలు రాయి బాగా లోతున ఉన్న చోటే కట్టారు. లోతుకు తవ్వితే ఖర్చు పెరుగుతుంది గానీ, భవనం మొత్తం ఖర్చుతో, స్థలం విలువతో పోలిస్తే అది చిన్నది. మధ్యలో ఉన్నవి చిన్న కర్మాగారాలు, కిక్కిరిసిన పేదల ఇళ్లు. ఆఫీసు కట్టి అద్దెకిచ్చేవాడికి అక్కడ గిరాకీ లేదు. కాస్త ఉన్నవాళ్లు ఉత్తరానికి జరిగారు, రైళ్లూ దుకాణాలూ వాళ్ల వెంట వెళ్లాయి. పెన్ రైల్వే స్టేషన్ 1910లో, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ 1913లో తెరిచాక మిడ్‌టౌన్ గుట్ట బలపడింది. ఆ పల్లానికి కారణం రాతిలో లేదు, మనుషులు ఎక్కడ ఉండేవారో అందులో ఉంది. ప్రాంతం అనగానే భూగోళం మాత్రమే గుర్తొచ్చే అలవాటు మనల్ని ఇలా తప్పుదారి పట్టిస్తుంది.

అలాగని నేలకు పాత్ర లేదని కాదు. షికాగోలో ఉంది. ఆ ఊరి కింద మెత్తటి బంకమట్టి. 1871 అగ్నిప్రమాదంలో ఊరి నడిబొడ్డు కాలిపోయాక మళ్లీ కట్టాల్సి వచ్చింది, స్థలాల ధరలు పెరిగాయి, కాబట్టి ఎత్తుకు వెళ్లాలి. ఇటుక గోడతో ఎత్తుకు వెళ్తే ఏమవుతుందో మొనాడ్‌నాక్ భవనం ఉత్తర భాగం చూపిస్తుంది. 1891లో పూర్తయిన 16 అంతస్తుల కట్టడం. బరువంతా గోడలే మోయాలి కాబట్టి నేల దగ్గర గోడ మందం 6 అడుగులు. ఒక మనిషి అడ్డంగా పడుకుంటే సరిపోయేంత గోడ. అంత బరువుకి భవనం 8 అంగుళాలు కుంగుతుందని ముందే లెక్కగట్టి ఆ మేరకు ఎత్తుగా కట్టారు. అది అక్కడితో ఆగలేదు, దశాబ్దాలు గడిచేసరికి సుమారు 20 అంగుళాలు దిగింది. ఇటుకకు అక్కడితో దారి మూసుకుపోయింది. అప్పటికే 1885లో విలియం లె బారన్ జెన్నీ హోమ్ ఇన్సూరెన్స్ భవనానికి ఇనుప చట్రం వాడి ఉన్నాడు. చట్రం బరువు మోస్తే గోడ పల్చబడుతుంది, కిటికీ వెడల్పవుతుంది, మట్టి మీద భారం తగ్గుతుంది. ఆకాశహర్మ్యం పుట్టుకకు లిఫ్టునీ ఉక్కునీ అందరూ చెబుతారు. షికాగో బంకమట్టికి కూడా అందులో వాటా ఇవ్వాలి.

మట్టి చేసే పనిని దగ్గర్నుంచి చూడాలంటే మెక్సికో సిటీని మించింది లేదు. స్పెయిన్‌వాళ్లు రాకముందు అక్కడ ఏలిన అజ్‌టెక్‌ల రాజధాని ఒక సరస్సులో ఉండేది. తర్వాత ఆ సరస్సుని ఎండగట్టి దాని అడుగు మీదే నగరాన్ని పెంచారు. కింద ఉన్నది నీళ్లు నిండిన బంకమట్టి. 1985 సెప్టెంబరు 19న పసిఫిక్ తీరంలో, 300 కిలోమీటర్లకు పైగా దూరంలో, పెద్ద భూకంపం వచ్చింది. అంత దూరం ప్రయాణించిన అలలు నిజానికి నీరసపడాలి. సరస్సు మట్టి వాటిని పట్టుకుని పెంచింది, అదీ ఒక ప్రత్యేకమైన లయలో: సుమారు రెండు సెకన్లకు ఒక ఊపు. ప్రతి భవనానికీ సొంత లయ ఉంటుంది. అంతస్తుకు సెకనులో పదో వంతు అన్నది ఇంజనీర్ల మోటు లెక్క. ఊపులో బీటలు పడిన భవనం మెత్తబడి ఇంకా నెమ్మదిగా ఊగుతుంది. అలా మట్టి లయా భవనం లయా కలిసినవి సుమారు 6 నుంచి 15 అంతస్తుల మధ్యవి. ఎక్కువగా కూలింది అవే. చిన్న ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. 1956లో కట్టిన 44 అంతస్తుల టోర్రె లాటినోఅమెరికానా కూడా నిలబడింది. ఎత్తు భవనమే ప్రమాదం అనుకునేవాళ్లకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఆ నగరపు నిర్మాణ నిబంధనల్లో సరస్సు అడుగు ఒక మండలం, కొండవాలు ఒక మండలం, మధ్యలోది ఇంకొకటి. కనిపించని సరస్సు అంచు నేటికీ నగరాన్ని విభజిస్తూనే ఉంది.

చట్టం గీసిన గీతలకు న్యూయార్క్ మంచి ఉదాహరణ. 1915లో బ్రాడ్‌వే మీద ఈక్విటబుల్ భవనం లేచింది. ఎకరం లోపు స్థలం, 38 అంతస్తులు, సుమారు 12 లక్షల చదరపు అడుగులు. అంటే స్థలానికి దాదాపు 30 రెట్లు. నేల నుంచి పైదాకా ఎక్కడా వెనక్కి తగ్గకుండా గోడలా లేచి చుట్టుపక్కల వీధుల్ని చీకటి చేసింది. మరుసటి ఏడాదే, 1916లో, ఏ ప్రాంతంలో ఏం, ఎలా కట్టొచ్చో చెప్పే జోనింగ్ చట్టం వచ్చింది. వీధి వెడల్పుని బట్టి కొంత ఎత్తు దాకా నిటారుగా కట్టుకోవచ్చు, ఆపైన గోడ మెట్టు మెట్టుగా వెనక్కి తగ్గాలి. స్థలంలో నాలుగో వంతు మీద మాత్రం ఎంత ఎత్తుకైనా వెళ్లొచ్చు. 1930 నాటి క్రైస్లర్, 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనాల ఆకారం ఇక్కడే దొరుకుతుంది. కింద మెట్లు, నడుమ నుంచి లేచిన స్తంభం. ప్రపంచమంతా 'న్యూయార్క్ శైలి' అని మెచ్చుకున్న ఆ రూపాన్ని సగం గీసింది వీధిలోకి వెలుతురు రావాలన్న నిబంధన. 1961లో నియమం మారింది. అంతస్తులన్నిటి విస్తీర్ణం కలిపి స్థలానికి ఇన్ని రెట్లు మాత్రమే ఉండాలన్న ఎఫ్‌ఏఆర్ (ఫ్లోర్ ఏరియా రేషియో) లెక్క వచ్చింది. ముందు ఖాళీ స్థలం వదిలితే అదనపు అంతస్తులు. అంతే, మెట్ల భవనాలు ఆగిపోయి ఖాళీ ముంగిలి వెనక నిలబడిన నలుచదరపు పెట్టెలు మొదలయ్యాయి.

ఆ ఎఫ్‌ఏఆర్ లెక్కలోంచే సెంట్రల్ పార్కు దక్షిణాన లేచిన పెన్సిళ్లలాంటి టవర్లు కూడా పుట్టాయి. పక్క స్థలం వాడు తనకు అనుమతి ఉన్నంత కట్టకపోతే, మిగిలిన హక్కుని కొనుక్కుని నీ స్థలం మీద కలుపుకోవచ్చు. ఒకటి రెండు తరాలుగా ఎదగని పాత భవనాల ఎత్తునంతా పోగుచేసి ఒక సన్నటి స్థలం మీద నిలబెట్టారు. 111 వెస్ట్ 57వ వీధి టవర్ ఎత్తు 435 మీటర్లు, వెడల్పుకి సుమారు 24 రెట్లు. పైగా యంత్రాల కోసం వదిలిన అంతస్తులు ఎఫ్‌ఏఆర్ లెక్కలోకి వచ్చేవి కావు. కాబట్టి మనుషులుండని ఎత్తైన ఖాళీలు మధ్యలో పెట్టి ఫ్లాట్లని ఇంకా పైకి లేపారు, అలాంటి ఖాళీల్ని 2019లో లెక్కలోకి తెచ్చేదాకా. ఈ టవర్లు నాకు నచ్చవు. పార్కు అందరిదీ, దాని మీద పడే నీడ కూడా అందరూ భరించేదే. పై నుంచి ఆ పార్కుని చూసే చూపు మాత్రం కొద్దిమందికి అమ్ముకున్నారు.

వద్దని గట్టిగా చెప్పిన నగరాలూ ఉన్నాయి. పారిస్‌లో 1973లో 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ పూర్తయింది. జనానికి అది ఎంత నచ్చలేదంటే 1977లో నగరంలో ఎత్తుకు 37 మీటర్ల హద్దు పెట్టారు. మధ్యలో కొంత సడలించి 2023లో మళ్లీ అదే హద్దుకు వచ్చారు. టవర్లు కావాలనుకున్నవాళ్లు నగరం గీత దాటి లా డిఫాన్స్‌కి వెళ్లారు. వాషింగ్టన్‌లో కూడా అంతే. అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ భవనం కన్నా ఎత్తు కట్టకూడదన్నది అక్కడ చట్టమని చాలామంది చెబుతారు, అది తప్పు. 1894లో కెయిరో అనే అపార్ట్‌మెంట్ భవనం 160 అడుగుల పైకి లేచేసరికి, నిప్పు అంటుకుంటే నిచ్చెనలు అందవన్న భయం పట్టుకుంది. 1910 చట్టం ప్రకారం వీధి వెడల్పుకి 20 అడుగులు కలిపితే వచ్చేదే ఎత్తు, దానికీ పైన ఒక గరిష్ఠ హద్దు. ఫిలడెల్ఫియాలో చట్టం కూడా లేదు, మాట ఉండేది. సిటీ హాల్ మీదున్న, ఆ నగరాన్ని స్థాపించిన విలియం పెన్ విగ్రహం టోపీని ఎవరూ దాటకూడదు. ఆ మాట 1987 దాకా నిలిచింది. దశాబ్దాల పాటు ఒక నగరం స్కైలైన్‌ని కాపాడింది కాగితం మీద లేని ఒప్పందం.

విమానాల గీత ఇంకా సూటిగా ఉంటుంది. సింగపూర్‌లో దశాబ్దం లోపు మూడు టవర్లు లేచాయి, మూడూ సరిగ్గా 280 మీటర్లు. దగ్గర్లోని పాయా లేబర్ వైమానిక స్థావరం విధించిన హద్దు అది. శాన్ డియాగో డౌన్‌టౌన్ 500 అడుగుల దగ్గర కోసినట్టు చదునుగా ఉండటానికీ విమానాశ్రయమే కారణం. హాంకాంగ్‌లో కై టాక్ విమానాశ్రయం 1998లో మూతపడేదాకా కౌలూన్ వైపు భవనాలు తలవంచుకునే ఉన్నాయి. మూతపడ్డాక అదే ఒడ్డున 484 మీటర్ల ఐసీసీ (ఇంటర్నేషనల్ కామర్స్ సెంటర్) టవర్ లేచింది.

హాంకాంగ్‌ని కొండలూ సముద్రమూ ఇరికించాయి కాబట్టి అంత దట్టంగా లేచిందని అంటారు. సగం నిజమే. మిగతా సగం భూమి ఎవరిదన్న దాంట్లో ఉంది. అక్కడ సెయింట్ జాన్స్ కేథడ్రల్ కింద ఉన్నది తప్ప భూమంతా ప్రభుత్వానిది. కట్టేవాడు లీజుకి తీసుకుంటాడు, ఎక్కువ కట్టాలంటే ఎక్కువ చెల్లిస్తాడు. భూమి నుంచి వచ్చే రాబడి మీద ఖజానా ఆధారపడినప్పుడు స్థలాన్ని ఆచితూచి విడుదల చేయడం, ఇచ్చిన చోట ఎత్తుకు పోనివ్వడం సహజం. భూభాగంలో సుమారు 40 శాతం పార్కులుగా రక్షణలో ఉంది, కట్టడాలున్నది నాలుగో వంతు లోపే. అందుకే అక్కడ అరవై అంతస్తుల గోడ వెనక వెంటనే అడవి మొదలవుతుంది. ఏథెన్స్‌లో దీనికి పూర్తి విరుద్ధం. భూమి ముక్కలు ముక్కలుగా మామూలు కుటుంబాల చేతుల్లో ఉండేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 'ఆంటిపరోహి' పద్ధతి ఊపందుకుంది. చిన్న ఇంటి యజమాని స్థలాన్ని బిల్డరుకిస్తాడు, బిల్డరు అపార్ట్‌మెంట్ కట్టి అందులో కొన్ని ఫ్లాట్లు అతనికిస్తాడు. చేతులు మారేది స్థలమూ ఫ్లాట్లే, యజమాని డబ్బు పెట్టనక్కర్లేదు. ఇలా లక్షల సంఖ్యలో జరిగిన చిన్న బేరాల ఫలితమే అక్రోపోలిస్ అనే పురాతన కోటకొండ చుట్టూ సముద్రంలా పరుచుకున్న, ఇంచుమించు ఒకే ఎత్తున్న, బాల్కనీల తెల్లటి నగరం. పెద్ద టవర్ కట్టాలంటే పెద్ద స్థలం ఒక్కడి చేతిలో ఉండాలి. ఏథెన్స్ అలా లేదు.

ఉక్కూ లిఫ్టూ లేని రోజుల్లో కూడా ఇదే సూత్రం పనిచేసింది. యెమెన్‌లోని షిబామ్ చూడండి. ఇప్పుడు కనిపించే ఆ ఊరు ప్రధానంగా 16వ శతాబ్దానిది. ఎండు లోయలో కాస్త మెరక మీద, ప్రహరీ లోపల, పచ్చి ఇటుకతో కట్టిన ఇళ్లు ఏడెనిమిది అంతస్తులు లేచాయి. వరద వస్తే కింద మునుగుతుంది, దాడి వస్తే ప్రహరీ బయట ఉండలేరు, పండే మట్టిని ఇళ్లకు వృథా చేయలేరు. కాబట్టి పైకే వెళ్లారు. గోడ కింద మందంగా ఉండి పైకి పోయేకొద్దీ పల్చబడుతుంది. కింది అంతస్తుకి కిటికీలుండవు, అక్కడ ధాన్యం. పైన తెల్లటి పూత, వాన మట్టిని కరిగించకుండా. ఆ పూత ఎప్పటికప్పుడు కొత్తగా వేస్తుండాలి, మానేస్తే ఇల్లు కరుగుతుంది.

దీని పక్కన దుబాయ్‌ని పెడితే ఈ కాలపు చిక్కు అర్థమవుతుంది. అక్కడి పాత ఇళ్ల మీద గాలిని పట్టి గదిలోకి దించే బురుజులు ఉండేవి. ఎయిర్ కండిషనర్ వచ్చాక గాజు గోడ ఎక్కడైనా నిలబడగలిగింది. ఎడారిలోనూ మంచు పడే ఊళ్లోనూ ఒకే రకం గాజు టవర్ చూసి, ప్రాంతీయత చచ్చిపోయిందని చాలామంది బాధపడతారు. గోడ విషయంలో ఆ బాధతో నేనూ ఏకీభవిస్తాను. అంత ఎండలో అంత గాజు పెట్టి తర్వాత కరెంటుతో చల్లబరచడం సమర్థించుకోలేని పని. కానీ అదే దుబాయ్‌లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాని మూడు రెక్కలుగా, ఎక్కడికక్కడ మెలికపడుతూ సన్నబడేలా గీసింది గాలి ఒక్క చోట పట్టు దొరకబుచ్చుకోకుండా. వేసవిలో కాంక్రీటుని రాత్రిపూట, మంచుముక్కలు కలిపి పోశారు. చర్మం మారినా ఒళ్లు స్థానికంగానే ఉంది.

ఎత్తు ఒకటే అయినా టవర్ల లావు ప్రాంతాన్ని బట్టి మారుతుంది, దీన్ని ఎవరూ పెద్దగా గమనించరు. అమెరికా ఆఫీసు టవర్లో కిటికీకి చాలా దూరంలో కూర్చుని పనిచేసేవాళ్లు మామూలే. జర్మనీలో ఉద్యోగి కూర్చునే చోటికి బయటి వెలుతురు అందాలన్న పట్టింపు గట్టిది. ఫ్రాంక్‌ఫర్ట్ టవర్లు సన్నగా ఉండటానికి అది ఒక కారణం. 1997 నాటి కామర్జ్‌బ్యాంక్ టవర్‌ని మధ్యలో తొలిచి, తోటలు పెట్టి, లోపలి గదులకీ వెలుతురు తెచ్చారు. కెనడాలోని వాంకూవర్‌లో సన్నదనానికి కారణం కొండలు. 1989లో అక్కడ కొండల వైపు చూపు దారులు గీశారు. కింద నాలుగైదు అంతస్తుల ఇళ్ల వరస, దాని మీద ఎడం ఎడంగా సన్నటి టవర్లు, సందుల్లో ఉత్తరాన మంచు శిఖరాలు. టవర్ల మధ్య మిగిలిన ఆ సందులే వాంకూవర్‌కి గుర్తింపు.

టోక్యో ఎత్తుకు 1920 నుంచీ 100 షాకుల (షాకు అంటే అడుగులాంటి పాత జపాన్ కొలత) హద్దు ఉండేది, అంటే దాదాపు 31 మీటర్లు. 1923 భూకంపం చూశాక దాన్ని సడలించమని అడిగే ధైర్యం చాలాకాలం ఎవరికీ రాలేదు. భవనం ఊగుతూనే తట్టుకునేలా కట్టడం నేర్చుకున్నాక 1960ల్లో చట్టం మారింది. 1968లో 36 అంతస్తుల కసుమిగసేకి భవనం లేచింది. టోక్యో స్టేషన్ ముందున్న మరునౌచి ప్రాంతంలో పాత ఆఫీసులు పడగొట్టి పెద్ద టవర్లు కట్టారు. 2002లో అలా కొత్తగా లేచిన మరునౌచి భవనం 37 అంతస్తులు. వీధిలో నిలబడి దాని గోడ వెంట కళ్లు పైకి పోనివ్వండి. కొంత ఎత్తున గోడ ఆగిపోతుంది, ఒక అంచు కనిపిస్తుంది, టవర్ దాని వెనక నుంచి లేస్తుంది. పక్క భవనంలోనూ అదే ఎత్తున అదే అంచు. కొలిస్తే 31 మీటర్లు.